తెర మీది పాఠం – కాగితం మీది అక్షరం

గ్రంథం చేతికందడం ఒక ఎత్తు. అందులోని అక్షరం చదవగలగడం మరొక ఎత్తు. తాళపత్రాల కాలంలో లేఖకుని ఏమరుపాటు వల్ల, పురుగు తిన్న ఆకుల వల్ల పాఠాలు చెడిపోయేవి. పందొమ్మిదవ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత వాటిని పోల్చి చూపించి, శుద్ధప్రతులు సిద్ధం చేయించాడు. దీనినే పాఠపరిష్కరణ అంటారు. దోషం ఎక్కడ ప్రవేశించిందో కనిపెట్టడం ఇందులో మొదటి మెట్టు. కంప్యూటరు తెర మీద పాఠం చదివే నేటి విద్యార్థికీ ఈ పద్ధతే దారి చూపుతుంది.

దక్షిణ తెలంగాణలో తెలుగు అక్షరం సులభంగా అందినది కాదు. నిజాం పాలనలో 1922లో నల్లగొండ నుండి 'నీలగిరి పత్రిక' వెలువడింది. పాలమూరు ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుండి 'గోలకొండ పత్రిక' ప్రారంభించాడు. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. 2020లో కరోనా వల్ల కళాశాలలు మూతపడినప్పుడు పాఠాలు టీవీ ద్వారా, ఇంటర్నెట్ ద్వారా ఇళ్లకు చేరాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు పల్లెల నుండి ఒక విద్యార్థి బస్సు ఛార్జీ పెట్టుకొని జిరాక్స్ దుకాణానికి వెళ్లి పాఠం అచ్చు తీయిస్తే, కాగితం నిండా గళ్లే వచ్చాయనుకోండి. మరునాడే పరీక్ష అయితే ఆ నష్టం డబ్బుతో తీరేది కాదు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచ భాషల లిపులకు ఉమ్మడిగా అంకెలు నిర్ణయించిన ఏర్పాటే యూనికోడ్. 1991లో వెలువడిన దాని తొలి రూపంలోనే తెలుగుకు స్థానం లభించింది. 3072 నుండి 3199 వరకు గల 128 స్థానాలు తెలుగువి. అందులో 'క' సంఖ్య 3093. 'క్ష' అనే సంయుక్తాక్షరానికి మాత్రం వేరే అంకె లేదు. క, పొల్లు, ష అనే మూడింటిని కలిపి కంప్యూటరే ఆ రూపం కూర్చాలి. ఆ రూపాలను దాచి ఉంచేది ఫాంటు.

దోషాలను లక్షణాలను బట్టి గుర్తించవచ్చు. అక్షరాల చోట ఖాళీ గళ్లు కనిపిస్తే ఆ యంత్రంలో తెలుగు ఫాంటు లేదన్నమాట. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉండేది. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన పేర్లతో ఫాంట్లు రూపొందించి అందించారు. ఫాంటు చేర్చుకోగానే గళ్లు అక్షరాలవుతాయి.

తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే కారణం వేరు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు అనేక ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల అంకెల మీదనే తెలుగు రూపాలను కూర్చుకున్నాయి. అటువంటి పాఠానికి అదే ఫాంటు కావాలి, లేదా పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి.

'నల్లగొండ' అన్నది 'నల్‌లగొండ' అని విడిపోతే అంకెలు సరిగానే ఉన్నాయి, వాటిని కూర్చే ఏర్పాటు లోపించింది. బ్రౌజరును కొత్తది చేసుకోవడం, లేదా మరొక బ్రౌజరులో తెరవడం దీనికి మందు. 'మహబూబ్‌నగర్' కాస్తా 'మహబూబ్నగర్' అయి నకారం ఒత్తుగా దిగిపోతే తప్పు టైపు చేసినవారిది. పొల్లు తరువాత కంటికి కనిపించని ఒక గుర్తు ఉంచితేనే 'బ్' విడిగా నిలుస్తుంది.

పాఠం అసలు తెరుచుకోకపోతే, ఫైలు సగంలో ఆగిపోయి ఉండవచ్చు. మళ్లీ దించుకొని, దాని పరిమాణం మొదటి దానితో పోల్చి చూడాలి. పుట పాత రూపంలోనే కనిపిస్తుంటే బ్రౌజరు దాచుకున్న నకలును తుడిచివేయాలి.

తెర మీద సరిగా ఉండి కాగితం మీద చెడిపోతే దోషం అచ్చు దగ్గర ఉంది. పీడీఎఫ్ అనే రూపాన్ని అడోబీ సంస్థ 1993లో ప్రవేశపెట్టింది. ఫాంటును తనలోనే ఇముడ్చుకొనే సౌకర్యం దాని విశేషం. కనుక ఇంట్లో సరిగా కనిపించిన పుటను పీడీఎఫ్‌గా భద్రపరచి తీసుకువెళ్తే దుకాణంలోని యంత్రంలో తెలుగు ఫాంటు లేకున్నా సాధారణంగా ఇబ్బంది ఉండదు. అప్పటికీ ఒత్తులు చెదిరితే, అడోబీ రీడర్‌లో పుటను బొమ్మగా అచ్చు వేసే సదుపాయం ఉంది. అంచులు తెగిపోతే కాగితం కొలత చూడాలి. ఏ4 కాగితం 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. అమెరికాలో వాడే లెటర్ కాగితం దానికంటే వెడల్పు ఎక్కువ, పొడవు తక్కువ. ఏ4 ఎంచుకొని, పుటకు సరిపోయేలా కుదించమంటే అంచులు దక్కుతాయి. అచ్చుకు ముందు నమూనా చూడాలి. మొదట ఒక్క పుటే తీయించి, చదివి, తరువాత మిగిలినవి తీయించాలి.

ఒకేసారి అన్నీ మార్చితే ఏది కారణమో తెలియదు. అదే పాఠం మరొక యంత్రంలో సరిగా కనిపిస్తే లోపం మొదటి యంత్రానిది. ఎక్కడ తెరిచినా అదే తప్పు వస్తే లోపం ఫైలులోనే ఉండవచ్చు. అప్పుడు తప్పు కనిపించిన పుట సంఖ్యతో సహా అధ్యాపకునికి తెలియజేయాలి. ఒకరు చెప్పిన తప్పును సరిదిద్దితే, ఆ పాఠం చదివే తక్కినవారందరికీ మేలు కలుగుతుంది.

తెలుగు అక్షరం కోసం పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి పేరుతో నేడు 'సురవరం' అనే యూనికోడ్ ఫాంటు ఉంది. ఎవరైనా దానిని ఉచితంగా వాడుకోవచ్చు.