ఆటలో నేరం... మరి శిక్ష?

దారిన పోయేవాణ్ని కారుతో గుద్దేసి, బండికి కొత్త రంగు వేయిస్తే చాలు... పోలీసులు మర్చిపోతారు. అదొక ఆట. ఐదుగురిని చంపినవాడి పేరు ఎర్రబడుతుంది, ఊళ్లోకి వస్తే కావలివాళ్లు వదలరు. ఇదీ ఆటే! పిల్లలు ఏ ఆట ఆడుతున్నారో చూస్తే సరిపోదు. ఆ ఆటలో తప్పు చేస్తే ఏమవుతోందో కూడా చూడాలి.

నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల నల్లమల అంచునున్న మండలం. అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఆ పక్కనే. పులి అంటే ఏమిటో బాగా తెలిసిన నేల అది. ఈ పాలమూరు పల్లెల్లోనే కాదు, తెలుగునాట ఎక్కడికెళ్లినా పెద్దవాళ్లకు తెలిసిన ఆట పులి-మేక. బండ మీద బొగ్గుతో నాలుగు గీతలు గీస్తే చాలు, చింతపిక్కలూ గులకరాళ్లే పావులు. ఎక్కువగా 3 పులులు, 15 మేకలతో ఆడతారు. పులి మేక మీంచి దూకితే మేక చచ్చినట్టే. మేకకు పులిని చంపే శక్తి లేదు. కానీ మేకలన్నీ ఒకదాని పక్కన ఒకటి నిలబడి దారులు మూసేస్తే పులి కదల్లేదు. ఓడిపోతుంది!

గమనించారా? ఇందులో పోలీసు లేడు, జైలు లేదు. చంపేవాడిని కట్టడి చేసేది నలుగురి ఐకమత్యమే.

మన మరో ఆట వైకుంఠపాళి. వైకుంఠ ఏకాదశి జాగారానికి ఇంటిల్లిపాదీ గవ్వలేసుకుని కూర్చునేవారు. మంచి గుణానికి నిచ్చెన, చెడ్డ గుణానికి పాము. తీరా వైకుంఠం గడప దగ్గరికొచ్చాక పెద్దపాము నోట్లో పడితే మళ్లీ కిందికే. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ఆట ఇంగ్లండు చేరి ‘స్నేక్స్ అండ్ ల్యాడర్స్’ అయింది. అయితే ఇందులో ఒక చిక్కుంది. పాము నోట్లో పడటం మన చేతుల్లో లేదు, గవ్వల చేతుల్లో ఉంది. తప్పు చేయాలా వద్దా అని ఆట మనల్ని అడగదు.

కంప్యూటర్ ఆటలు వచ్చాక ఆ ప్రశ్న మొదలైంది.

గుడ్డి వ్యాపారి పరీక్ష

అమెరికాలో రిచర్డ్ గారియట్ అనే ఆటల రూపకర్త 1985లో ‘అల్టిమా-4’ తీసుకొచ్చాడు. అప్పటిదాకా ఇలాంటి ఆటల్లో రాక్షసుణ్ని చంపితే గెలుపు. దారిలో ఊరివాళ్లను దోచుకున్నా అడిగేవాడు లేడు. ఈ ఆటలో మాత్రం నిజాయతీ, దయ, న్యాయం లాంటి ఎనిమిది సుగుణాలు సాధిస్తేనే గెలుపు. ఒక దుకాణంలో చూపులేని వ్యాపారి ఉంటుంది. సరుకు తీసుకుని ఎంత డబ్బు పెట్టాలో ఆటగాడి ఇష్టం. తక్కువ పెట్టినా ఆమె ఏమీ అనదు. కానీ ఆట లోలోపల లెక్క రాసుకుంటుంది! చాలాసేపటి తర్వాత తెలుస్తుంది, నిజాయతీ తగ్గిందని.

రాజునే చంపేశారు

1997లో అదే గారియట్ బృందం ‘అల్టిమా ఆన్‌లైన్’ తెచ్చింది. వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆట. విడుదలకు ముందు పరీక్షిస్తున్న రోజుల్లోనే ఒక వింత జరిగింది. ఆటలో రాజు వేషం గారియట్‌దే. ఆయన సభ తీర్చి ఉండగా ఒక ఆటగాడు మంటల మంత్రం వేశాడు. రాజుకు చావు లేకుండా చేసే మీట నొక్కడం మర్చిపోయారు. రాజు అక్కడికక్కడే కూలిపోయాడు! కోపంతో నిర్వాహకులు రప్పించిన భూతాలు చుట్టూ ఉన్న జనాన్ని చంపాయి. చేసింది ఒకడు, పడింది పదిమంది.

ఆట మొదలయ్యాక అసలు బెడద బయటపడింది. కొత్తగా వచ్చినవాళ్లను అడవిలో కాపుగాసి చంపి, మూట దోచుకునే ముఠాలు తయారయ్యాయి. దాంతో నిర్వాహకులు పరువు లెక్క పెట్టారు. ఐదు హత్యల లెక్క పడితే తలపైన పేరు ఎర్రగా కనిపిస్తుంది. అలాంటివాడు ఊళ్లోకొస్తే కావలివాళ్లు చంపేస్తారు. అయినా హత్యలు ఆగలేదు. ఎర్రపేరే కొందరికి బిరుదైపోయింది! చివరికి 2000లో లోకాన్ని రెండు చేశారు. ఒకదాంట్లో చంపుకోవచ్చు, రెండోదాంట్లో కుదరదు. ఎక్కువమంది రెండోదానికే తరలిపోయారు.

చూసినవాడుంటేనే నేరమా?

2002లో వచ్చిన ‘వైస్ సిటీ’ మన ఇంటర్నెట్ సెంటర్లలో గంటకింత లెక్కన పిల్లలు ఆడిన ఆట. నేరం పెరిగేకొద్దీ తెరమీద నక్షత్రాలు పెరుగుతాయి. ఆరో నక్షత్రానికి సైన్యం దిగుతుంది. కానీ కారుకు రంగు వేయిస్తే వేట ఆగిపోతుంది. పట్టుబడితే పోయేది కొంత డబ్బు, ఆయుధాలే. చచ్చినవాడి తరఫువాళ్లెవరూ రారు.

2011 నాటి ‘స్కైరిమ్’లో నేరం చేస్తే తలకు వెల కడతారు. ఇక్కడో లొసుగు. సాక్షులందరినీ చంపేస్తే ఆ వెల రద్దు! నేరం కప్పిపుచ్చుకోవడానికి ఇంకో నేరం.

2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్-2’లో మంచిపేరున్నవాడికి దుకాణాల్లో ధర తగ్గుతుంది, కథ ముగింపు కూడా మారుతుంది. 2025లో వచ్చిన ‘కింగ్‌డమ్ కమ్: డెలివరెన్స్-2’లో శిక్షలు మధ్యయుగాల నాటివి. నడిబజారులో కొయ్యకు బిగిస్తారు, కొడతారు, ముద్ర కాలుస్తారు. ముద్ర పడినవాడిని చూస్తే ఊరి తీరే మారిపోతుంది. 2015 నాటి ‘అండర్‌టేల్’ మరో అడుగు వేసింది. అందరినీ చంపి, ఆట మళ్లీ మొదలుపెట్టినా అది మర్చిపోదు.

రక్తం రంగు మార్చితే...

మన దేశంలో పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు. 2021లో అదే తరహాలో బీజీఎంఐ వచ్చింది. రక్తాన్ని ఆకుపచ్చ చేశారు. ‘చంపాడు’ అన్న అర్థమిచ్చే ఇంగ్లిషు మాట బదులు ‘ఫినిష్’ అన్న మాట పెట్టారు. రంగు మారింది, మాట మారింది. చంపితే ఏమవుతుందన్నది మాత్రం మారలేదు.

మరి ఈ ఆటలు ఆడితే పిల్లలు నిజంగా హింసకు దిగుతారా? అలా చెప్పడానికి తగిన ఆధారాల్లేవని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ 2020లో స్పష్టం చేసింది. అరుపులు, తోపులాటల వంటి దురుసుతనంతో మాత్రం కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందని చెప్పింది. కాబట్టి ఫోన్ లాక్కుని బెంబేలెత్తాల్సిన పనిలేదు. అలాగని పట్టనట్టు ఊరుకోవడమూ సరికాదు.

పిల్లల పక్కన కూర్చుని అడగండి

- ఇందులో అమాయకుణ్ని కొడితే ఏమవుతుంది?
- ఎవరూ చూడకపోతే తప్పు లెక్కలోకి వస్తుందా?
- డబ్బు కడితే మాసిపోతుందా, ఊరు గుర్తుపెట్టుకుంటుందా?
- చంపకుండా గెలిచే దారి ఉందా?

జవాబులు చెప్పడం పిల్లలకు సరదాయే. నిజానికి ఆ ఆట లోపలి నియమాలు పెద్దలకన్నా వాళ్లకే బాగా తెలుసు. ఓ ఆదివారం నేలమీద పులి-మేక గీసి వాళ్లకు పులులు ఇవ్వండి. మీరు మేకలు తీసుకోండి. ఎన్ని మేకల్ని తిన్నా పులి ఎందుకు చిక్కుకుపోయిందో వాళ్లే చెబుతారు.