నీలగిరి యాత్ర

మగదిక్కు లేక ఇద్దరాడువారు కొండలకు పోవుటయా యని ఇంటివారు శంకించిరి. అయినను మేమును మా నెచ్చెలియు మెట్టుపాళయమున పొగబండి యెక్కితిమి. 1908లో ఉదకమండలము చేరిన యీ మార్గము నిడివి 46 కిలోమీటర్లే. ఎక్కుటకు దాదాపు అయిదు గంటలు! కల్లారు దాటగానే పట్టాల నడుమ పండ్లకమ్ములు వచ్చును. యంత్రపు పండ్లచక్రము వానిని పట్టుకొనుచు, వెనుకనుండి బండిని పైకి నెట్టును. సొరంగములు 16. చీకటి క్రమ్మినప్పుడెల్ల నెచ్చెలి మా చేయి పట్టుకొనెడిది; ఏడవదానికి విడిచెను.

ఊరిలోని చెరువు 1820ల దశకమున సల్లివను దొర కట్టించినది. చక్కనిదే, కాని జనసమ్మర్దము మెండు.

మరునాడు 2,637 మీటర్ల దొడ్డబెట్ట శిఖరము చేరుసరికి ఆమెకు ఆయాసము వచ్చెను. దిగిపోదమంటిమి.

“ఇరువదియేండ్లుగా వంటింటి పొగ పీల్చితిని వదినా, ఈ గాలిని ఇంకొక్క గడియ పీల్చనిమ్ము” అనెను.

కూర్చుంటిమి.