చేపలలో కొవ్వు సంగ్రహణ - కలుషితాల పరీక్ష

కొవ్వు సంగ్రహణ అనగా ఆహార పదార్థంలోని కొవ్వును ద్రావణి సహాయంతో వేరుచేసే ప్రక్రియ. డీడీటీ, హెచ్‌సీహెచ్ వంటి ఆర్గానోక్లోరిన్ పురుగుమందులు నీటిలో చాలా తక్కువగాను, కొవ్వులో సులభంగాను కరుగుతాయి. అందువలన చేప శరీరంలో ఇవి కొవ్వులోనే పోగుపడతాయి. కొవ్వును ఏ పద్ధతిలో తీశారు అన్నదానిని బట్టి ఒకే చేపకు వేర్వేరు ఫలితాలు రావచ్చును.

కొల్లేరు నేపథ్యం

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న కొల్లేరు సరస్సులో బుడమేరు, తమ్మిలేరులతో పాటు అనేక మురుగు కాలువలు కలుస్తాయి. సరస్సు నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతం చేరుతుంది. వ్యవసాయంలో డీడీటీ వాడకాన్ని భారతదేశం 1989లో నిషేధించినది. అయితే ఇటువంటి రసాయనాలు అడుగు మట్టిలో చాలాకాలం నిలిచి ఉంటాయి. కొల్లేరు చేపల కణజాలాలలో పురుగుమందుల అవశేషాలపై 2001లోను, సరస్సు సమీపంలోని రొయ్యల చెరువుల కాలుష్యంపై 2006లోను పరిశోధన పత్రాలు వెలువడినాయి.

2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది అస్వస్థులైనపుడు రక్త నమూనాలలో సీసం, నికెల్ బయటపడినాయి. లోహాల పరీక్షలో నమూనాను ఆమ్లంతో కరిగిస్తారు కనుక దానికి కొవ్వు సంగ్రహణ అవసరం లేదు.

ముఖ్య పద్ధతులు

* సాక్స్‌లెట్ పద్ధతి: 1879లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రాంజ్ వాన్ సాక్స్‌లెట్ రూపొందించిన పరికరంతో ద్రావణిని నమూనా గుండా పలుమార్లు ప్రవహింపజేస్తారు. హెక్సేన్ వంటి అధ్రువ ద్రావణి ట్రైగ్లిజరైడ్లను బాగా కరిగిస్తుంది. తాడేపల్లిగూడెం ప్రాంతంలో ప్రసిద్ధమైన తవుడు నూనె పరిశ్రమలో వాడే ద్రావణి కూడా ఇదే. కానీ కణత్వచాలలోని ఫాస్ఫోలిపిడ్లను ఇది పూర్తిగా తీయలేదు. తడి మాంసంలోనికి సరిగా చొరబడదు కనుక ముందుగా నమూనాను సోడియం సల్ఫేటుతో నూరి తేమ తొలగిస్తారు.
* ఫోల్చ్ పద్ధతి (1957): క్లోరోఫారం, మిథనాల్ 2:1 నిష్పత్తిలో వాడతారు. ఫాస్ఫోలిపిడ్లు కూడా బయటకు వస్తాయి.
* బ్లై-డయర్ పద్ధతి (1959): కెనడాలో చేపల కోసం రూపొందినది. తక్కువ ద్రావణితో త్వరగా పూర్తవుతుంది. కొవ్వు 2 శాతానికి మించిన చేపలలో అసలు కన్నా తక్కువ కొవ్వును చూపుతుంది.
* క్వెచర్స్ పద్ధతి (2003): అసిటోనైట్రైల్ వాడతారు. కూరగాయలకు అనువైనది. కొవ్వు అధికంగా ఉన్న నమూనాలలో డీడీటీ వంటివి కొంత కొవ్వులోనే మిగిలిపోతాయి.

ఫలితంపై ప్రభావం

ఉదాహరణకు 100 గ్రాముల చేప మాంసంలో 2 మైక్రోగ్రాముల డీడీటీ ఉన్నదనుకొందాము. ఒక పద్ధతిలో 1 గ్రాము కొవ్వు వస్తే, గ్రాము కొవ్వుకు 2 మైక్రోగ్రాములు అవుతుంది. మరొక పద్ధతిలో డీడీటీ అంతా వచ్చి, కొవ్వు అర గ్రాము మాత్రమే వస్తే అదే విలువ 4 మైక్రోగ్రాములుగా కనిపిస్తుంది. చేప మారలేదు, తినేవారికి చేరే విషమూ మారలేదు. మాంసం బరువు ప్రకారం లెక్కిస్తే రెండింటా గ్రాముకు 0.02 మైక్రోగ్రాములే. దీనికి భిన్నంగా కలుషితమే కణజాలంలో మిగిలిపోతే, కలుషితమైన చేప సురక్షితమైనదిగా నమోదయ్యే ప్రమాదమున్నది.

కొర్రమీను వంటి కొవ్వు తక్కువ చేపలలో ఫాస్ఫోలిపిడ్ల వాటా ఎక్కువ కనుక ఈ తేడా అధికం. బొచ్చె పొట్ట భాగంలో కొవ్వు ఎక్కువ కాబట్టి నమూనా తీసిన భాగాన్ని కూడా తెలపాలి.

జాగ్రత్తలు

తెలిసిన పరిమాణంలో కలుషితాన్ని నమూనాకు కలిపి, అందులో ఎంత తిరిగి వచ్చినదో చూస్తారు. సంగ్రహించిన కొవ్వును తొలగించడానికి గంధకికామ్లం వాడితే డీడీటీ నిలుస్తుంది గానీ డైల్‌డ్రిన్ నశిస్తుంది. ఫలితాన్ని మాంసం బరువు, కొవ్వు బరువు రెండింటి ప్రకారం, కొవ్వు శాతం మరియు సంగ్రహణ పద్ధతితో సహా ప్రకటించినపుడే వేర్వేరు సంవత్సరాల కొల్లేరు ఫలితాలను పోల్చడం సాధ్యమవుతుంది.