ప్లస్ టూ చాలదు! ఆటలో స్కిల్‌కి విలువ తెచ్చే ఇంటి రూల్స్

గల్లీ క్రికెట్ ఆడనివాళ్లు మనలో ఎంతమంది ఉంటారు? పక్కింటి గోడ దాటితే అవుట్, ఒక పిచ్ పడ్డాక ఒంటిచేత్తో పట్టినా అవుట్... ఈ రూల్స్ ఏ క్రికెట్ బోర్డూ రాయలేదు. ఉన్న స్థలానికి, ఉన్న మనుషులకి సరిపోయేలా మనమే పెట్టుకున్నాం. టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే రోల్ ప్లేయింగ్ గేమ్స్‌లోనూ ఇదే పద్ధతి. అక్కడ వీటిని హౌస్ రూల్స్ అంటారు. అలాంటి ఓ చిన్న రూల్‌ని బాగుచేయబోయి నేను చేసిన తప్పు, దాన్నుంచి నేర్చుకున్న లెక్క ఇవాళ మీకు చెబుతాను. ఉద్యోగం వేటలో ఉన్న మాకు ఈ ఆటల గోల ఎందుకంటారా? చివరిదాకా చదవండి, మీకే తెలుస్తుంది.

ఇంతకీ ఏమిటీ ఆట?

ఈ తరహా ఆటల్లో అందరికీ తెలిసిన పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దీన్ని తెచ్చారు. నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడిపిస్తారు, ఆయనే డంజన్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర... దొంగ, యోధుడు, మాంత్రికుడు ఇలా. గోడ ఎక్కాలన్నా, కాపలావాడి కళ్లుగప్పాలన్నా 20 ముఖాల డైస్ వేయాలి. పడిన అంకెకి మీ స్కిల్ బోనస్ కలపాలి. మొత్తం టార్గెట్‌ని అందుకుంటే పని అయినట్టే.

2000లో వచ్చిన మూడో ఎడిషన్‌లో ‘ఫీట్స్’ మొదలయ్యాయి. అంటే పాత్ర ఎంచుకునే ప్రత్యేక సామర్థ్యాలు. 2003లో వచ్చిన 3.5 వెర్షన్‌లో 20 లెవెల్స్ ఎక్కేసరికి మామూలుగా దొరికేవి 7 మాత్రమే. కొన్ని పాత్రలకే అదనంగా వస్తాయి. కాబట్టి ఒక్కోటి ఆచితూచి వాడుకోవాలి.

సమస్య ఎక్కడుంది?

స్టెల్తీ, అథ్లెటిక్, నెగోషియేటర్, అక్రోబాటిక్... ఇలాంటి ఫీట్స్ రెండేసి స్కిల్స్‌కి ప్లస్ 2 ఇస్తాయి. అంతే. 20 ముఖాల డైస్‌లో ఒక్కో పాయింటు విలువ 5 శాతం. అంటే ప్లస్ 2 వల్ల గెలిచే అవకాశం పెరిగేది 10 శాతం పాయింట్లు. మీ బోనస్ 5, టార్గెట్ 15 అనుకోండి. డైస్ మీద 10 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, అవకాశం 55 శాతం. ఫీట్ తీసుకుంటే 65. పదిసార్లు వేస్తే ఒక్కసారి ఉపయోగపడుతుంది. ఒక సాయంత్రం ఆటలో ఆ స్కిల్ వాడేదే నాలుగైదు సార్లు. ఇక తేడా ఎవరికి కనిపిస్తుంది?

పైగా పక్కనే మాంత్రికుడు ఉంటాడు. అక్రోబాటిక్ ఫీట్ గెంతడానికి ప్లస్ 2 ఇస్తే, అతని మొదటి లెవెల్ మంత్రం ‘జంప్’ కొన్ని నిమిషాలపాటు ప్లస్ 10 ఇస్తుంది. మాంత్రికుడి లెవెల్ 5కి చేరితే అది 20, 9కి చేరితే 30. ఏడింట ఒకటి ఖర్చుపెట్టి ఎప్పటికీ 2 దగ్గరే ఆగిపోవడం ఎవరికి ఇష్టం?

నేను చేసిన తప్పు

ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్‌లో మా హాస్టల్ గదిలో ప్రతి శనివారం ఈ ఆట నడిచేది. డంజన్ మాస్టర్ నేనే. మా ఫ్రెండ్ ఒకడు నెగోషియేటర్ ఫీట్ తీసుకుని, ‘‘దీనివల్ల ఒరిగిందేంట్రా?’’ అని వారంవారం గొణిగేవాడు. ఆవేశపడి ప్లస్ 2ని ఏకంగా ప్లస్ 6 చేసేశా.

అసలు చిక్కు అప్పుడు మొదలైంది. మన మీద పగబట్టినవాడిని మాటలతో శాంతపరచడానికి 3.5లో టార్గెట్ 25. ఎదుటివాడు ఎంత పెద్ద రాక్షసుడైనా ఆ అంకె పెరగదు. మావాడి బోనస్ 12. ఫీట్ లేకపోతే అవకాశం 40 శాతం, ప్లస్ 2తో 50, నా పుణ్యమాని 70. ఎవరు అడ్డొచ్చినా మాటలతోనే పని అయిపోయేది. యోధుడి పాత్ర ఆడేవాడు కత్తి దూసే అవసరమే లేక ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. మూడో శనివారం అసలు రాలేదు. ఒకడి గొణుగుడు ఆపబోయి ఇంకొకడిని పోగొట్టుకున్నాను. వాడి గదికి వెళ్లి ‘‘రూల్ మార్చేస్తా, రారా’’ అని బతిమాలాల్సి వచ్చింది.

పనిచేసిన మూడు మార్పులు

ఆ తర్వాత కాగితం మీద లెక్కలేసుకుని, ఒక్కోటీ ఆడి చూశాం. చివరికి మిగిలినవి ఇవి.

1. మెల్లగా పెరిగే బోనస్: మొదట ప్లస్ 2, ఆ స్కిల్‌లో 10 ర్యాంకులు వచ్చాక ప్లస్ 4. ఇది మా సొంత ఆలోచన కాదు. 2009లో వచ్చిన పాత్‌ఫైండర్ గేమ్ ఇదే చేసింది. సురక్షితమైన మార్పు, కానీ అంకె మాత్రమే మారుతుంది.

2. సాయంత్రానికి ఒకసారి రెండో ఛాన్స్: ఫీట్ ఉన్న స్కిల్‌లో డైస్ బాగా పడకపోతే మళ్లీ వేయొచ్చు. 55 శాతం ఉన్న అవకాశం ఆ ఒక్కసారికి దాదాపు 80 అవుతుంది. అదే 90 ఉంటే 99, 10 ఉంటే 19. అంటే గెలుపోటములు సరిసమానంగా ఉన్నచోటే దీనికి బలం ఎక్కువ. ఎన్నిసార్లయినా వాడొచ్చంటే మాత్రం మళ్లీ నా ప్లస్ 6 కథే.

3. కొత్త పని చేయనివ్వడం: మాకు బాగా నచ్చింది ఇదే. 3.5లో సగం వేగం దాటి కదులుతూ దాక్కోవాలంటే 5 తగ్గిస్తారు. స్టెల్తీ ఉంటే ఆ కోత లేదన్నాం. గోడ త్వరగా ఎక్కాలన్నా 5 కోత, అథ్లెటిక్ ఉంటే అదీ లేదు. మాటలతో ఒప్పించడానికి మామూలుగా ఒక నిమిషం కావాలి, హడావుడిగా చేస్తే 10 కోత. నెగోషియేటర్‌కి దాన్ని 5 చేశాం. బోనస్ ప్లస్ 2 దగ్గరే ఉంది. అయినా మావాడి గొణుగుడు ఆగిపోయింది. కత్తులు దూసిన చోట కూడా మాట కలపగలిగేది టేబుల్ మీద తనొక్కడే. యోధుడు కూడా తిరిగొచ్చాడు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా తర్వాత ప్లస్ 2 దారి వదిలేసింది. 2020లో టాషాస్ కాల్‌డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకంలో వచ్చిన ‘స్కిల్ ఎక్స్‌పర్ట్’ ఫీట్ ఒక ఎబిలిటీ స్కోర్‌ని 1 పెంచి, ఒక కొత్త స్కిల్ నేర్పి, వచ్చిన స్కిల్స్‌లో ఒకదానిలో పట్టు రెట్టింపు చేస్తుంది.

మీరూ ప్రయత్నిస్తారా?

* 3.5 మూల నియమాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఐదో ఎడిషన్ మూల నియమాలనూ 2023లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇచ్చారు.
* ఒకసారి ఒక్క రూలే మార్చండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.
* పైథాన్ వచ్చా? పది లైన్ల కోడ్‌తో 10,000 సార్లు డైస్ వేయించి, మార్పుకి ముందు, తర్వాత ఫలితాలు పోల్చండి.
* మూడు వారాలు ఆడి చూడండి. ఫీట్ తీసుకున్నవాడినే కాదు, తీసుకోనివాడినీ అడగండి. నేను మర్చిపోయింది అదే.
* ఏది, ఎందుకు, ఎప్పుడు మార్చారో ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. ‘‘మీరు పరిష్కరించిన ఒక సమస్య చెప్పండి’’ అని ఇంటర్వ్యూలో అడిగితే చాలామందికి నోట మాట రాదు. సమస్య ఏమిటి, మొదటి పరిష్కారం ఎందుకు బెడిసికొట్టింది, ఎలా కొలిచారు, ఏం మార్చారు... ఆ నోట్‌బుక్‌లో వీటన్నిటికీ జవాబు ఉంటుంది. నా మొదటి ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఈ ప్లస్ 6 కథే.

ఇంకో మాట. మీ రెజ్యూమెలో సర్టిఫికెట్ల వరుస ఒకసారి చూసుకోండి. ఒక్కోదాని ఎదురుగా ‘దీనివల్ల నిన్న చేయలేని ఏ పని ఇవాళ చేయగలను?’ అని రాసుకోండి. జవాబు లేకపోతే అది ఉట్టి ప్లస్ 2 అన్నమాట. దాంతో ఓ చిన్న ప్రాజెక్టు చేసి, జవాబు తెచ్చుకున్నాకే ఇంకో కోర్సులో చేరండి.