విమానాన్ని మింగే చుక్క

వేసవి మధ్యాహ్నం ఆకాశంలోకి చూడండి. ఎక్కడో ఎత్తున గద్ద ఒకటి రెక్కలు కదపకుండా చక్కర్లు కొడుతూ ఉంటుంది. ఎంత ఎత్తులో ఉన్నా మీ కన్ను దాన్ని ఇట్టే పట్టేస్తుంది. అది కాకి కాదు, గద్దేనని కూడా చెప్పేస్తారు.

ఇప్పుడు ఇంకో దృశ్యం. కంప్యూటర్ ముందు ఒక కుర్రవాడు కూర్చుని యుద్ధ విమానం నడుపుతున్నాడు. నిజం విమానం కాదు లెండి! నేలమీద కూర్చునే విమానం నడిపిన అనుభవం కలిగించే ఏర్పాటు అది. దాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. శత్రు విమానం నాలుగు కిలోమీటర్ల దూరంలో ఎదురుగా వస్తున్నది. ఆకాశంలో మబ్బు తునక లేదు. కుర్రవాడి కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. అయినా ఎంత వెతికినా విమానం జాడ లేదు. చివరికి కనిపించేసరికి అది అతని వెనక ఉంది. ఆట ముగిసింది!

గద్ద రెక్కలు చాచితే రెండు మీటర్లు కూడా ఉండదు. విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు పది మీటర్లు. మరి ఇంత పెద్ద వస్తువు ఏమైపోయింది? తప్పు కంటిదా, కంప్యూటర్‌దా? లెక్క వేసి చూద్దాం.

కంటి కొలబద్ద

ఒక వస్తువు మనకు ఎంత పెద్దగా కనిపిస్తుందనేది దాని అసలు పరిమాణం ఒక్కదాని మీదే ఆధారపడదు. అది ఎంత దూరంలో ఉందనేది కూడా చూడాలి. ఈ రెండింటినీ కలిపి చెప్పేది కోణం. వస్తువు రెండు కొసల నుంచి మీ కంటికి రెండు గీతలు గీశామనుకోండి. ఆ గీతల మధ్య ఏర్పడే కోణమే మన లెక్కకు కావలసింది. డిగ్రీని 60 భాగాలు చేస్తే ఒక్కొక్కటి ఒక నిముషం. గడియారం నిముషం కాదు సుమా, కోణం నిముషం! నిండు చంద్రుడి వెడల్పు సుమారు 30 నిముషాలు.

మంచి చూపు ఉన్న కన్ను ఒక నిముషం సందును దాదాపుగా గుర్తించగలదు. మీరే పరీక్షించి చూడవచ్చు. తెల్లకాగితం మీద ఒక మిల్లీమీటరు మందంతో రెండు నల్లని గీతలు పక్కపక్కనే గీయండి. నడుమ ఒక మిల్లీమీటరు సందు వదలండి. కాగితాన్ని గోడకు అంటించి వెనక్కి నడవండి. మూడున్నర మీటర్ల దూరం వచ్చేసరికి, లేదా ఇంకాస్త వెనకగా, రెండు గీతలూ కలిసిపోయి ఒక్కటే గీతలా కనిపిస్తాయి. ఎందుకంటే ఆ దూరంలో ఒక మిల్లీమీటరు చేసే కోణం ఒక నిముషమే!

ఇక మన విమానం సంగతి. నాలుగు కిలోమీటర్ల దూరంలో పది మీటర్ల రెక్కలు చేసే కోణం 8.6 నిముషాలు. అంటే కన్ను గుర్తించగల సందుకు ఎనిమిది రెట్లకు పైగా. నిజమైన ఆకాశంలో అయితే, చూపు సరిగ్గా దాని మీద పడితే చాలు, విమానం దొరికిపోవాలి.

తెర కొలబద్ద

ఇప్పుడు కంప్యూటర్ తెర దగ్గరికి వద్దాం. తెరమీద కనిపించే బొమ్మంతా చిన్న చిన్న చుక్కల కూర్పు. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టు అవి వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. ఇళ్ళలో వాడే తెరలు చాలావాటిలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి.

విమానం నడిపేవాడికి ఎదురుగా ఉన్నది కనిపిస్తే చాలదు. కుడి ఎడమలు కూడా కనిపించాలి. అందుకని సిమ్యులేటర్ 90 డిగ్రీల మేర ఆకాశాన్ని తెరమీదికి తెచ్చిందనుకుందాం. 90 డిగ్రీలంటే 5400 నిముషాలు. వాటిని 1920 చుక్కలకు పంచితే ఒక్కో చుక్క వంతుకు సగటున 2.8 నిముషాలు వస్తాయి.

చూశారా! కంటి కొలబద్ద మీద గీతలు నిముషానికి ఒకటి. తెర కొలబద్ద మీద దాదాపు మూడు నిముషాలకు ఒకటి. బియ్యం తూచే కాటాతో బంగారం తూచినట్టయింది మన పని!

ఉందా, లేదా?

మన విమానం రెక్కలు 8.6 నిముషాలు కదా. అంటే తెరమీద మూడు చుక్కలు. కాని ఎదురుగా వచ్చే విమానం రెక్కలు మనకు సన్నని గీతలా కనిపిస్తాయి. మొండెం వెడల్పు సుమారు ఒక మీటరనుకుంటే అది 0.86 నిముషం. ఒక చుక్కలో మూడోవంతు కూడా నిండదు.

ఒక చుక్కకు ఒక్కటే రంగు. మూడోవంతు విమానం, మిగతాది ఆకాశం అని విడివిడిగా గీయడానికి వీల్లేదు. అప్పుడు కంప్యూటర్ ఏంచేయాలి? చుక్క నడిమధ్యన ఏముందో చూడడం ఒక పద్ధతి. అక్కడ విమానం తగిలితే విమానం రంగు, లేకపోతే ఆకాశం రంగు. విమానం రవంత పక్కకు జరిగిందంటే చుక్కల నడుమ సందులో దూరి మాయమైపోతుంది. మరుక్షణం మళ్ళీ కనిపిస్తుంది. మిణుగురు పురుగులాగా!

రెండో పద్ధతి రంగులు కలపడం. మూడోవంతు విమానం రంగు, మూడింట రెండొంతులు ఆకాశం రంగు కలిపి చుక్కకు వేస్తారు. మిణుకు మిణుకుమనడం తగ్గుతుంది. కాని పాలలో నీళ్ళు పోసినట్టు రంగు పలచబడి, విమానం ఒక లేత మరకలా ఆకాశంలో కలిసిపోతుంది.

మన కంట్లో కూడా ఇలాంటి కలపడం ఉంది. అయితే నేత్రపటలం మధ్యభాగంలో శంకు కణాలు చాలా దట్టంగా ఉంటాయి. వాటి మధ్య దూరం సుమారు అర నిముషమే. కన్ను గళ్ళు అంత చిన్నవి కాబట్టి రంగు అంతగా పలచబడదు. అందుకే ఒక నిముషంకన్నా సన్నని వస్తువును కూడా, దాని వెలుగుకు వెనకనున్న వెలుగుకు తేడా బాగా ఉంటే, కన్ను పసిగడుతుంది. దూరాన కరెంటు తీగ ఆకాశం మీద గీతలా కనిపించడం మీరు చూసే ఉంటారు. హెక్ట్, మింట్జ్ అనే శాస్త్రజ్ఞులు 1939లో చేసిన పరీక్షల్లో, వెలుతురు నేపథ్యం మీద అర సెకండు కోణం మాత్రమే ఉన్న తీగ కూడా కంటికి ఆనింది. సెకండంటే నిముషంలో 60వ వంతు!

పైగా పగటి ఆకాశపు వెలుగు ఇంటి తెర వెలుగుకు పదిరెట్లకు పైగా ఉంటుంది. విమానం ఒరిగినప్పుడు రెక్కమీద ఎండ తళుక్కుమంటుంది. ఆ తళుకును అంత తీవ్రంగా మామూలు తెర చూపలేదు.

మందు ఉంది, కాని...

దీనికి మందు లేదా? ఉంది. 90 డిగ్రీలకు బదులు 30 డిగ్రీలే చూపమనండి. చుక్కకు ఒక నిముషం చొప్పున వస్తుంది. కంటితో సమానం! కాని అప్పుడు గొట్టంలోంచి చూసినట్టే. పక్కనుంచి వచ్చేవాడు కనిపించడు.

దూరపు విమానాన్ని అసలు కొలతకన్నా కాస్త పెద్దగా గీయడం ఇంకో ఉపాయం. దగ్గరికి వచ్చేకొద్దీ ఆ పెంపును తగ్గించుకుంటూ వస్తారు. కొన్ని ఆటల్లో దూరపు విమానం బదులు నల్లచుక్క ఒకటి పెట్టారు. అందులో ఒక తమాషా జరిగింది. చుక్కలు తక్కువున్న తెరలో ఒక్కో చుక్క పెద్దది. కాబట్టి చవక తెర ఉన్నవాడికి శత్రువు చక్కగా కనిపించాడు. డబ్బు పోసి 3840 చుక్కల తెర కొన్నవాడు కళ్ళు నులుముకున్నాడు!

అమెరికాలో నాసావారి లాంగ్లీ పరిశోధన కేంద్రంలో 1970ల ఆరంభంలో మరో దారి తొక్కారు. సుమారు 12 మీటర్ల వ్యాసంగల గోళం లోపల పైలట్‌ను కూర్చోబెట్టి, ఆకాశాన్ని ఒక ప్రొజెక్టర్‌తోను, ఎదుటి విమానాన్ని వేరే ప్రొజెక్టర్‌తోను గోడమీద వేశారు. చుక్కలన్నిటినీ ఆకాశమంతా పరిచే బదులు, కొన్నిటిని విమానం కోసమే ప్రత్యేకించారన్నమాట.

ఇంత తాపత్రయం ఎందుకంటే, సిమ్యులేటర్ ఆటవస్తువు మాత్రమే కాదు. అందులో నేర్చుకున్నది రేపు ఆకాశంలో ప్రాణాల మీదికి వస్తుంది. విమానాన్ని దాచే యంత్రం శిష్యుణ్ణి అధైర్యపరుస్తుంది. మరీ పెద్దగా చూపే యంత్రం లేనిపోని ధీమా నేర్పుతుంది. రెండూ ప్రమాదమే.

నిజం ఆకాశంలో

అయితే నిజమైన పైలట్‌కు మాత్రం అంతా సులువనుకోకండి. 1965 యుద్ధంలో మన వైమానిక దళం నడిపిన నాట్ విమానం రెక్కలు సుమారు 6.7 మీటర్లే. ఎదుటి పక్షపు సేబర్ విమానానివి 11.3 మీటర్లు. చిన్నదిగా ఉండడమే నాట్‌కు పెద్ద బలమైంది. దాన్ని కనిపెట్టడం కష్టమయ్యేది.

కంటికీ లోపాలున్నాయి. చూపు పదునుగా ఉండేది నడిమధ్యన రెండు డిగ్రీల మేర మాత్రమే. చూడడానికి ఏమీ లేని ఖాళీ ఆకాశంలో కన్ను తనంతట తాను దగ్గరి దూరానికి సర్దుకుంటుంది. దాంతో దూరపు విమానం మసకబారుతుంది. అందుకే పైలట్లకు ఆకాశాన్ని పది పది డిగ్రీల ముక్కలుగా చేసి, ముక్కకు కనీసం ఒక సెకను చూపు నిలిపి వెతకమని నేర్పుతారు. అన్నిటికన్నా ప్రమాదకరమైనది అద్దం మీద కదలకుండా ఉన్న చుక్క. కదిలే చుక్క పక్కకు పోతుంది. కదలకుండా, క్రమంగా పెద్దదయ్యే చుక్క సూటిగా మన మీదికే వస్తున్నదన్నమాట!

ఈసారి ఆకాశంలో విమానం కనిపించినప్పుడు చెయ్యి చాచి చిటికెనవేలు దానికి అడ్డం పెట్టండి. ఆ వేలి వెడల్పు సుమారు ఒక డిగ్రీ, అంటే 60 నిముషాలు. విమానం అందులో ఎన్నో వంతు ఉందో అంచనా కట్టండి. వచ్చిన నిముషాలను 2.8తో భాగించండి. తెరమీద దానికి ఎన్ని చుక్కలు దక్కేవో మీకే తెలుస్తుంది.