డబ్బా ఉంది, బ్యాటరీ లేదు!

ఎడిటరు గారు నెలనెలా ఫోను చేసి, "డాక్టరు గారూ, రక్తపోటు మీదో చక్కెర వ్యాధి మీదో నాలుగు ముక్కలు రాయండి" అంటుంటారు. ఈసారికి ఆ రెండింటికీ సెలవిచ్చి ట్రైలరు బ్యాటరీ దొంగతనం గురించి రాస్తున్నాను. నవ్వకండి. 2023 అక్టోబరులో మా ఇంట్లో జరిగిన సంగతి చదివాక, ఇదీ ప్రాణాలకు సంబంధించిన విషయమేనని మీరే ఒప్పుకుంటారు.

మన సంఘంలో ట్రావెల్ ట్రైలరు కొన్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. మరికొందరు కొనాలా వద్దా అని ఊగిసలాడుతున్నారు. తెలియనివారి కోసం చెబుతున్నాను: ఇది పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కుపోయే చక్రాల ఇల్లు. మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, స్నానాల గది అన్నీ అందులోనే. ఇండియా నుంచి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. హోటలు తిండి పడనివారికి, మోటెలు పక్కమీద నిద్ర పట్టనివారికి మన వంటా, మన పక్కా వెంటే వస్తాయి.

ఆ అక్టోబరులో మా అత్తగారు, మామగారు మా దగ్గర ఒహాయోలో ఉన్నారు. టెనెసీలో స్మోకీ పర్వతాల మీద ఆకులు రంగు మారే రోజులు. కేడ్స్ కోవ్ కాంపుగ్రౌండులో మూడు రాత్రులకు చోటు దొరికింది. అక్కడ ట్రైలరుకు కరెంటు కనెక్షను ఇవ్వరు. రాత్రిపూట దీపానికైనా, హీటరు ఫ్యానుకైనా మన బ్యాటరీయే దిక్కు. మామగారికి నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంది, స్లీప్ ఆప్నియా అంటాం. సీపాప్ మిషను పెట్టుకోనిదే పడుకోరు. ఆ మిషనూ బ్యాటరీ మీదే నడవాలి.

ప్రయాణానికి ముందురోజు శుక్రవారం. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి చీకటి పడుతోంది. ట్రైలరు ఊరి బయట, నెలకింత అని అద్దె కట్టే స్థలంలో ఉంటుంది. ఇద్దరం వెళ్ళి తగిలించుకుని, వెనక లైట్లు వెలుగుతున్నాయా, బ్రేకులు పడుతున్నాయా చూసుకుని, పాతిక మైళ్ళు లాక్కుంటూ ఇంటికి తెచ్చాం. అంతా సవ్యంగానే ఉంది.

ఇంటిముందు మామగారు, తాను పడుకోబోయే చోటు చూసుకుందామని ట్రైలరెక్కి లైటు వేశారు. లైటు వెలిగింది. ఈలోగా మా వారు పెట్రోలు పోయించుకొద్దామని పికప్ నుంచి ట్రైలరు ప్లగ్గు ఊడదీశారు. టప్పున చీకటి.

"అమ్మాయీ, ఇక్కడా కరెంటు కోతేనా?" అని లోపలినుంచి మామగారు.

మా వారు ఫ్యూజు పోయి ఉంటుందన్నారు. మామగారు ముప్ఫై ఏళ్ళు ఆర్.టి.సి. డిపో వర్కుషాపులో పనిచేసి రిటైరైన మనిషి. "ఫ్యూజు సంగతి తరవాత చూద్దువుగాని, ముందు బ్యాటరీ మూత తియ్యరా" అన్నారు. తీస్తే ఏముంది? ప్లాస్టిక్ డబ్బా ఖాళీ! కోసేసిన కేబుళ్ళు మాత్రం లోపల వేలాడుతున్నాయి. దొంగగారు ఎంత పద్ధతి మనిషంటే, బ్యాటరీ పట్టుకుపోయి మూత మళ్ళీ పెట్టి, పట్టీ కూడా బిగించి వెళ్ళాడు.

మరి బ్యాటరీ లేకుండా లైటు ఎలా వెలిగింది? అసలు విషయం ఇక్కడే ఉంది. పికప్‌కూ ట్రైలరుకూ మధ్య ఉండే ఏడు పిన్నుల ప్లగ్గులో ఒక తీగ ట్రైలరు బ్యాటరీని చార్జి చేయడానికి పికప్ నుంచి కరెంటు తెస్తుంది. బ్యాటరీ లేకపోయినా ఆ కరెంటుతో లోపలి దీపాలు వెలుగుతాయి. ట్రైలరు బ్రేకులకు ఇంకో తీగ వేరే ఉంది. కనుక ప్లగ్గు తగిలించి ఉన్నంతసేపూ ఏ లోపమూ కనబడదు.

కానీ ట్రైలరుకు బ్రేక్‌అవే స్విచ్చి అని ఒకటుంటుంది. సన్నని ఇనుప తాడుతో దాన్ని పికప్‌కు కలుపుతారు. ఖర్మకాలి నడిచే దారిలో ట్రైలరు పికప్ నుంచి విడిపోతే, ఆ తాడు స్విచ్చిలోని పిన్నును లాగేస్తుంది. వెంటనే ట్రైలరు తన బ్యాటరీలోని కరెంటుతో తన చక్రాలకు తానే బ్రేకులు వేసుకుని నిలబడుతుంది. అలా విడిపోయినప్పుడు ఏడు పిన్నుల ప్లగ్గు కూడా ఊడి వస్తుంది కనుక, పికప్ కరెంటు ఇక ఉండదు. అక్కడ బ్యాటరీ లేకపోతే ఐదువేల పౌండ్ల ఇల్లు బ్రేకుల్లేకుండా ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. మర్నాడు మేం దిగవలసింది ఐ-75 మీద జెల్లికో కొండ. దారంతా వెనకా ముందూ కార్లు, వాటినిండా పిల్లలు.

ఇంకొకటి. కోసేసిన పాజిటివ్ కేబుల్ కొసలో పాతిక మైళ్ళ పొడుగునా కరెంటు ఉంది. అది ఇనుప చట్రానికి తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. పక్కనే రెండు ప్రొపేన్ సిలిండర్లు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆస్పత్రిలో ఎమర్జెన్సీ ట్రాలీ సీలు సరిగా ఉందో లేదో, డీఫిబ్రిలేటరుకు చార్జి ఉందో లేదో రోజూ చూడాలని జూనియర్లకు పాఠాలు చెప్పేదాన్ని నేను. సొంత ట్రైలరు దగ్గర మూత చూసి, బ్యాటరీ ఉందనుకున్నాను.

దొంగకు ఇది ఎందుకింత సులువంటే, చాలా ట్రైలర్లలో బ్యాటరీ ముందు కొక్కెం వైపు, సిలిండర్ల వెనక, ఆరుబయటే ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా, గుడ్డ పట్టీ, అంతే. బరువు యాభై పౌండ్లకు అటూ ఇటూ. కేబుళ్ళు కోసి ఎత్తుకుపోవడానికి రెండు నిమిషాలు చాలు. సీసం ధరకు పాతసామాను కొట్టులో అమ్మితే వాడికి దక్కేది కొద్ది డాలర్లే. మాకు కొత్తది 130 డాలర్లయింది. ఇన్సూరెన్సులో మొదటి 500 డాలర్లు మేమే భరించాలి కనుక అడగడం కూడా దండగే. పోలీసు రిపోర్టు మాత్రం ఇచ్చాం.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, తరవాత నేను తెలుసుకున్నవి మీకు ముందే చెబుతున్నాను.

ఒకటి: బ్యాటరీ మీదుగా అడ్డంగా ఒక ఉక్కు పట్టీ వేసి, ట్రైలరు చట్రానికి బోల్టులతో బిగించి, చివర తాళం పెట్టే సాధనాలు దొరుకుతాయి. అంతకంటే గట్టిది తాళమున్న ఉక్కు డబ్బా. దాన్ని చట్రానికి బిగించేటప్పుడు నట్టు డబ్బా లోపలికీ, గుండ్రటి నున్నని బోల్టు తల బయటికీ ఉండాలి. అప్పుడు బయటనుంచి రెంచికి పట్టు దొరకదు.

రెండు: తాళం చౌకది కొనకండి. కొంకి బయటికి కనబడని గుండ్రటి డిస్కు తాళమైతే కట్టరు దూరదు. ఏ తాళమూ దొంగను పూర్తిగా ఆపలేదు, ఆలస్యం మాత్రమే చేస్తుంది. రెండు నిమిషాల పని పావుగంట అయితే వాడు పక్క ట్రైలరు చూసుకుంటాడు.

మూడు: ఉక్కు డబ్బాకు గాలి రంధ్రాలు ఉండి తీరాలి. నీళ్ళు పోసే మామూలు బ్యాటరీ చార్జి అవుతున్నప్పుడు హైడ్రోజన్ వాయువు వస్తుంది. అది పోగుపడితే పేలుతుంది. ఉక్కు మూత బ్యాటరీ టెర్మినళ్ళకు తగలకుండా రబ్బరు తొడుగులు వేయండి.

నాలుగు: లిథియం బ్యాటరీ అయితే తేలిక, ఖరీదూ ఎక్కువ, కనుక దొంగకు మరీ ముద్దు. దాన్ని ముందున్న సామాను అరలో పెట్టి, దగ్గరలో ఫ్యూజు వేయించి, అరకు తాళం వేయవచ్చు. అయితే కంపెనీ ఇచ్చిన తాళాన్ని నమ్మకండి. సి.హెచ్. 751 అనే ఒకే తాళంచెవి ఎన్నో కంపెనీల ట్రైలర్ల అరలకు పడుతుంది! తాళం మార్పించండి. గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీని చార్జి చేయకూడదని కూడా గుర్తుంచుకోండి.

ఐదు: చలికాలం ట్రైలరు కదలకుండా ఉండే నెలల్లో బ్యాటరీని ఊడదీసి ఇంటికి తెచ్చుకోవడమే అన్నిటికంటే మంచి తాళం. మా అత్తగారి ఊళ్ళో రైతులు ట్రాక్టరు బ్యాటరీని రాత్రిపూట ఊడదీసి మంచం కింద పెట్టుకునేవారట. చార్జి తగ్గిన బ్యాటరీ మన ఒహాయో చలికి గడ్డకట్టి పగిలిపోతుంది కనుక, ఇంట్లో ఉంటే రెండు లాభాలు. తెచ్చాక గాలి ఆడే చోట, పిల్లలకు అందకుండా పెట్టండి.

ఇక డాక్టరుగా నా మాట. బ్యాటరీ ముట్టుకునే ముందు ఉంగరాలు, గాజులు, గొలుసులు తీసేయండి. మన ఒంటిమీద బంగారం ఎక్కువ. బంగారం కరెంటుకు మంచి దారి. రెంచికీ టెర్మినలుకూ మధ్య ఉంగరం ఇరుక్కుంటే క్షణంలో ఎర్రగా కాలి, వేలి చుట్టూ ఎముక దాకా కాలుస్తుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు వేసుకోండి. ఊడదీసేటప్పుడు నెగటివ్ ముందు, బిగించేటప్పుడు నెగటివ్ చివర. ఆసిడ్ కంట్లో పడితే వెంటనే కుళాయి కింద కనీసం పావుగంట కడిగి, అప్పుడు ఆస్పత్రికి రండి. ముందు కడగడం, తరవాతే ప్రయాణం. బ్యాటరీ పోయిందని తెలిస్తే, కోసిన కేబుల్ కొసలకు టేపు చుట్టేదాకా ట్రైలరును పికప్‌కు గాని, కరెంటుకు గాని తగిలించకండి.

అన్నిటికంటే ముఖ్యమైనది తనిఖీ. పికప్ ప్లగ్గు తగిలించకముందే, ట్రైలరు లోపల ఒక లైటు వేసి చూడండి. వెలిగితే బ్యాటరీ ఉన్నట్టు. చిన్న మీటరుతో చూస్తే నిండు సీసపు బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి. తరవాత, ప్లగ్గు ఇంకా ఊడదీసి ఉండగానే, బ్రేక్‌అవే పిన్ను లాగి పికప్‌ను మెల్లగా ఒక అడుగు కదపండి. ట్రైలరు చక్రాలు మొండికేయాలి. చూడగానే పిన్ను మళ్ళీ పెట్టేయండి. ఆ స్విచ్చి తీగ బ్యాటరీకి నేరుగా కలిసి ఉండాలి. మధ్యలో కరెంటు ఆపే స్విచ్చి ఉంటే, అది ఆపి ఉన్నప్పుడు బ్రేకులూ ఆగిపోతాయి.

ఆ శనివారం పొద్దున్న కొత్త బ్యాటరీ, ఉక్కు డబ్బా, తాళం కొని, కేబుల్ కొసలు బాగుచేయించుకుని మధ్యాహ్నానికి బయలుదేరాం. పూట ఆలస్యమైందని పిల్లలు మూతులు ముడుచుకున్నారు. మామగారు మాత్రం ప్రతి మజిలీలోనూ ముందు దిగి, డబ్బా మీద రెండుసార్లు కొట్టి, తాళం లాగి చూసి, "రైట్, రైట్!" అని అరిచేవారు, డిపోలో బస్సు వదిలినట్టే. కేడ్స్ కోవ్‌లో ఆ రాత్రి బయట ఎముకలు కొరికే చలి. లోపల చీకట్లో సీపాప్ మిషను సన్నగా ఊపిరి తీస్తున్న చప్పుడు వింటూ నేనూ నిద్రపోయాను.

ఈసారి మీరు ట్రైలరు తీసేముందు మూత మీద కాదు, మూత కింద చూడండి.