బ్రిటన్ పార్లమెంటులో లాంఛన అధికారుల పాత్ర: ఒక పరిశీలన

పార్లమెంటు లాంఛనాలను కేవలం అలంకారప్రాయాలుగా భావించడం కద్దు. బ్రిటన్ ప్రభువుల సభ అధికారి అయిన ‘బ్లాక్ రాడ్’ విధులను పరిశీలిస్తే ఈ భావన ఎంత అసమగ్రమో తెలుస్తుంది.

పార్లమెంటు ప్రారంభోత్సవం నాడు రాజు ప్రభువుల సభలో ఆసీనుడై ప్రసంగిస్తాడు. ఆ ప్రసంగానికి కామన్స్ సభ్యులను పిలుచుకొని రావడం బ్లాక్ రాడ్ బాధ్యత. ఆ అధికారి సమీపించగానే కామన్స్ సభ తలుపును ముఖం మీదనే మూసివేస్తారు. చేతిలోని నల్లని దండంతో మూడుసార్లు తట్టిన తరువాతనే తెరుస్తారు. పిలుపు రాజుదే అయినా, ప్రవేశానికి అనుమతి సభదే.

ఈ ఆచారాన్ని 1642 జనవరి 4 నాటి ఘటనతో ముడిపెడతారు. మొదటి చార్లెస్ రాజు సాయుధ భటులతో వచ్చి, కామన్స్ సభలో ప్రవేశించి, జాన్ పిమ్, జాన్ హాంప్డెన్ మొదలైన ఐదుగురు సభ్యులను నిర్బంధించబోయాడు. వారప్పటికే తప్పించుకున్నారు. వారెక్కడని రాజు ప్రశ్నించగా, సభ ఆదేశం లేనిదే తాను చూడజాలనని, పలుకజాలనని స్పీకర్ విలియం లెంథాల్ మోకరిల్లి విన్నవించాడు. (ఆ వినయమంతా భంగిమలోనిదే.) నాటి నుండి సభ జరుగుతుండగా రాజు అందులో అడుగుపెట్టని సంప్రదాయం స్థిరపడింది.

కామన్స్ తలుపుపై దండపు దెబ్బల గుర్తులు నేటికీ కనిపిస్తాయి. అయితే 1941 బాంబుదాడిలో ధ్వంసమైన సభామందిరం పునర్నిర్మితమై 1950లో వినియోగంలోకి వచ్చింది. కనుక ఆ గుర్తులన్నీ అటుపిమ్మటివే.

కామన్స్ పక్షాన ‘సార్జెంట్ ఎట్ ఆర్మ్స్’ ‘మేస్’ అనే దండాన్ని మోస్తూ స్పీకర్‌కు ముందు నడుస్తారు. ఇక్కడొక వైరుధ్యం ఉంది. మేస్ రాజాధికార చిహ్నం. అది బల్లపై లేనిదే సభ చర్చ జరుపజాలదు. రాజప్రతినిధికి తలుపు మూసే సభే రాజచిహ్నం సమక్షంలో చర్చిస్తుంది! 2018 డిసెంబరులో లాయిడ్ రస్సెల్-మోయిల్ అనే సభ్యుడు బ్రెగ్జిట్ ఓటింగు వాయిదాకు నిరసనగా మేస్‌ను ఎత్తుకొని వెళ్లబోగా, ఆ దినానికి సభ నుండి బహిష్కరించారు.

భారత పార్లమెంటులో బ్లాక్ రాడ్ పదవి లేదు. రాజ్యసభలో చైర్మన్ రాకను మార్షల్ ప్రకటిస్తారు. 2019 నవంబరులో మార్షళ్లు సైనిక దుస్తులను పోలిన కొత్త వేషంలో, టోపీలతో కనిపించగా మాజీ సైన్యాధికారులు అభ్యంతరం తెలిపారు. నాటి చైర్మన్ ఎం. వెంకయ్యనాయుడు పునఃసమీక్షకు ఆదేశించారు. కొద్ది దినాలలోనే ఆ వేషాన్ని విడిచిపెట్టారు.